మూడో పంక్తిలో ఏముంది

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం నిన్న పొద్దున అందింది. ఒకసారి గబగబా చదివాను, మధ్యాహ్నం పెన్సిలు పట్టుకుని మళ్ళీ చదివాను. మీ ఊరి చరిత్ర మండలివాళ్ళు ప్రత్యేక సంచిక వేస్తూ, మండలి చేసిన పని గురించి రాయమని నీకు అప్పగించారంటే నాకెంత సంతోషమో చెప్పలేను. ఇలాంటి పనులు మామూలుగా పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉండిపోతాయి, వాళ్ళతోనే వెళ్ళిపోతాయి. ఇరవై మూడేళ్ళ పిల్ల చేతికి వచ్చిందంటే మీవాళ్ళకి ముందుచూపు ఉన్నట్టే.

బాగున్నది ముందు చెబుతాను. ఆరో పేజీలో, ఆదివారం పొద్దున్నే నలుగురు కలిసి శివాలయం వెనక శాసనానికి ఎస్టాంపేజి, అంటే రాతి మీది అక్షరాలకి కాగితం మీద అచ్చు, తీసిన సంగతి రాశావు చూడు, అక్కడ నాకు రాయి కనిపించింది. కానీ మూడు వాక్యాల్లో తేల్చేశావు. మొదటి రెండు పేజీలేమో "ఘనమైన చారిత్రక నేపథ్యం", "వారసత్వ సంపద", "భావితరాలకు అందించాల్సిన బాధ్యత" అన్న మాటలతో నిండిపోయాయి. అందులో మీ ఊరి పేరు తీసి పక్క ఊరి పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఆ రెండు పేజీలూ కొట్టేశాను. బాధపడకు. అవి నువ్వు రాసినవి కావు, సభల్లో విని విని నీ కలంలోకి వచ్చి పడినవి.

ఆ ఆదివారం సంగతే రెండు పేజీలు రాయి. కాగితం ఎలా పరిచారు? నాకు గుర్తున్నంతవరకు నేను చెబుతాను, నీ కళ్ళతో చూసింది నువ్వు సరిచూసుకో. ముందు రాతిని నీళ్ళతో తడిపి, పీచు బ్రష్షుతో అక్షరం గాడిలో ఉన్న మట్టీ నాచూ పోయేదాకా రుద్దుతారు. తర్వాత తడిపిన కాగితాన్ని ఇద్దరు రెండు వైపులా పట్టుకుని పైనుంచి కిందికి దించుతారు. గాలి బుడగ మిగిలిందంటే అక్కడ అక్షరం పోయినట్టే. అప్పుడు వెంట్రుకల బ్రష్షుతో కొట్టడం మొదలవుతుంది. కాగితం ప్రతి గాడిలోకీ దిగాలి, అలాగని చిరగకూడదు. గట్టిగా కొడితే చిరుగుతుంది, మెల్లగా కొడితే దిగదు. ఆ చప్పుడుకే చుట్టుపక్కల ఇళ్ళ పిల్లలంతా వచ్చి చేరతారు. కాగితం ఇంకా కొంచెం చెమ్మగా ఉండగానే గుడ్డ ఉండకి నల్ల సిరా పట్టించి పైపైన అద్దుతారు. మిట్టగా ఉన్న చోటంతా నల్లబడుతుంది, లోపలికి దిగిన అక్షరం తెల్లగా ఉండిపోతుంది. వెయ్యేళ్ళుగా రాతి రంగులో కలిసిపోయి ఎవరి కంటా పడని పంక్తి, నల్లటి నేల మీద తెల్లగా లేచి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నా చేతులు వణికాయి. నీకూ ఏదో అయ్యే ఉంటుంది. అది రాయి.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. దీన్ని ఇన్నేళ్ళలో ఇద్దరు ముగ్గురికే చెప్పాను.

నాకు ముప్ఫై ఏళ్ళు దాటని రోజుల్లో ఒక ఊరి బయట చింతచెట్టు కింద వీరగల్లు, అంటే పోరులో పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, ఒకటి చూశాను. నడుముదాకా మట్టిలో కూరుకుపోయి ఉంది. గుర్రం మీద వీరుడు, పైన ఇద్దరు అప్సరసలు, కింద మూడు పంక్తుల రాత. పొద్దు వాలుతోంది, ఆఖరి బస్సు ఉంది. ఇంటికొచ్చి ఒక వారపత్రికకి వ్యాసం రాశాను. చింతనీడ గురించి రాశాను, వీరుడి మీసం గురించి రాశాను, ఆ ఊరివాళ్ళు వేసిన పసుపు గురించి రాశాను. చాలా బాగుందన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆరేళ్ళ తర్వాత, ఆ ప్రాంతపు పాలకుల మీద పని చేస్తున్న పరిశోధకుడొకాయన ఉత్తరం రాశాడు. "ఆ రాతి మీద మూడో పంక్తిలో ఏముంది? అది తేలితే నా సందేహం తీరుతుంది" అని. నా దగ్గర ఏముంది? మీసం ఉంది, నీడ ఉంది. మొదటి పంక్తిలో రెండు మాటలు మాత్రం నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. రాయి ఎత్తెంతో వెడల్పెంతో లేదు. ఫొటో తీసుకోలేదు. మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. రోడ్డు వెడల్పు చేశారు, చింతచెట్టు లేదు. కల్వర్టు గోడలో గుర్రం ముందుకాలు ఉన్న ముక్క ఒకటి సిమెంటులోంచి బయటికి కనిపించింది. ఆ రాయికి శుక్రవారం శుక్రవారం పసుపు రాసే ముసలమ్మ ఇంకా ఉంది. "అంత కతలాగ రాశావంట గదా బాబూ, అందులో ఉండే ఉంటాది చూసుకో" అంది. ఏం చెప్పను ఆవిడకి?

అప్పట్నుంచీ, ఏదైనా రాసేటప్పుడు ఆ పరిశోధకుడు అడిగిన ప్రశ్న నా ముందు పెట్టుకుంటున్నాను. నీకు నేను చెప్పదలచిన సలహా కూడా ఇంతే, మిగిలినదంతా దాని వెనక వచ్చేదే: రేపు ఆ రాయి లేకుండా పోతే, నీ రాత చదివినవాడికి దాని మీద ఏముందో తెలియాలి.

పెద్దవాళ్ళు ఇది ఎంత బాగా చేశారో చూడు. 1922లో రాజమండ్రిలో, రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం జరిగి 900 ఏళ్ళు నిండిన సందర్భంలో, ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకట కృష్ణారావు వంటివాళ్ళు అందులో పనిచేశారు. కృష్ణారావు గారు వృత్తికి వకీలు. ఇవాళ రాజమండ్రిలో గోదావరి ఒడ్డున ఉన్న మ్యూజియానికి పేరున్న రాళ్ళబండి సుబ్బారావు గారూ ఆ మండలి మనిషే. హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీద నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో "తెలంగాణా శాసనములు" మొదటి సంపుటం వేసింది. ఆదిరాజు వీరభద్రరావు గారు దానికోసం ఊళ్ళు తిరిగారు. రోడ్డు లేని ఊళ్ళు, బండి దొరకని రోజులు, పైగా నిజాం రాజ్యంలో తెలుగు పని. అలాంటి సంపుటాల్లో వర్ణన దాదాపు ఉండదు. శాసనం ఏ ఊళ్ళో, ఏ గుడిలో, ఏ చోట ఉందో ఉంటుంది, తర్వాత పాఠం ఉంటుంది, చదవలేకపోయిన చోట చుక్కలుంటాయి. ఆ చుక్కలంటే నాకు గౌరవం. ఊహతో పూరించుకునే వీలున్నా పూరించలేదు వాళ్ళు.

అలాగని నువ్వు పట్టికలు రాయమని కాదు. నువ్వు రచయితవి, వర్ణన నీ హక్కు. నా వీరగల్లు వ్యాసంలో చింతనీడ ఉండటం తప్పు కాదు. మూడో పంక్తి లేకపోవడం తప్పు.

రాజరాజు సంగతి వచ్చింది కాబట్టి తేదీల గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే నీ వ్యాసంలో రెండు చోట్ల లెక్క తప్పింది. శాసనంలో ఉండేది శకవర్షం. దానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. రాజరాజు పట్టాభిషేకం శక 944, అంటే 1022. మాఘ, ఫాల్గుణ మాసాలైతే మాత్రం ఇంగ్లీషు సంవత్సరం అప్పటికే మారిపోయి ఉంటుంది, 79 కలపాలి. ఇక సంవత్సరం పేరొక్కటే చూసి తేల్చకు. రామప్ప గుడి దగ్గర కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడి శాసనం శక 1135, శ్రీముఖ సంవత్సరం, అంటే 1213. శ్రీముఖ ప్రతి అరవై ఏళ్ళకీ వస్తుంది, 1993 కూడా శ్రీముఖే. కాబట్టి శాసనంలో ఉన్నది ఉన్నట్టు రాసి, నీ లెక్క పక్కన విడిగా రాయి. నీ లెక్క తప్పైతే తర్వాతివాళ్ళు దిద్దుకుంటారు. నీ లెక్క మాత్రమే రాస్తే దిద్దుకునే దారి ఉండదు.

స్థలపురాణం విషయంలో నువ్వు కొంచెం కటువుగా ఉన్నావు. "అమాయక ప్రజల నమ్మకం" అన్న మాట తీసెయ్యి. పాండవులు వనవాసంలో మీ ఊరి గుట్ట మీద వంట చేసుకున్నారని మీ ముసలాయన చెబితే, అది పన్నెండో శతాబ్దపు సాక్ష్యం కాదు, నిజమే. కానీ ఆ గుట్టని ఊరు ఎలా చూసుకుందో దానికి సాక్ష్యం. ఏలూరు వాళ్ళు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేస్తూ ఊరూరి వివరాలు పోగుచేయించినప్పుడు కరణాల దగ్గరున్న కవిలెలు, అంటే ఊరి లెక్కల పుస్తకాలు, చూశారు, పెద్దలు చెప్పినదీ రాయించారు. అవే కైఫీయతులు. బొర్రయ్య 1803లో, ముప్ఫై ఏళ్ళైనా నిండకుండానే పోయాడు. ఆ వయసులో చేసిన పనిని ఇవాళ్టికీ మనం ఇంత లావు సంపుటాలుగా తిరగేస్తున్నాం. కైఫీయతుల్లో కథా ఉంటుంది, మాన్యం లెక్కా ఉంటుంది, చెరువు ఎవరు తవ్వించారో ఉంటుంది. నువ్వూ రెండూ రాయి. ఏది రాతి మీద చూశావో, ఏది ఎవరి నోట విన్నావో మాత్రం కలిపెయ్యకు. చెప్పినవాళ్ళ వయసు, వాళ్ళు ఎవరి దగ్గర విన్నారో అడుగు. ఆడవాళ్ళని తప్పకుండా అడుగు. మండలి సభ్యుల జాబితాలో ఉన్న పద్నాలుగు మందీ మగవాళ్ళే. ఆ రాయికి బొట్టు పెట్టేది మాత్రం ఆడవాళ్ళే కదమ్మా.

ఇంకో చిక్కుంది. మా ఊరే అన్నిటికన్నా పాతదని ప్రతి ఊరూ అంటుంది. నీ మీద ఒత్తిడి వస్తుంది, ఇప్పటికే వచ్చి ఉంటుంది, ఎందుకంటే "జిల్లాలోకెల్లా ప్రాచీనమైన" అన్న మాట నీ శైలి కాదు. దానికి లొంగకు. కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట బండ మీద జినవల్లభుడి శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయకి దాదాపు నూరేళ్ళు ముందువి. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు తెలుగులో శాసనం వేయించాడు. వాటిని నమ్ముతున్నామంటే అక్కడ "మొదటిది" అని ఎవరో గొప్పగా చెప్పారని కాదు, అక్షరాలు అక్కడున్నాయి, వెళ్ళి చదువుకోవచ్చు. మీ శాసనం వాటికంటే చిన్నదే, అందులో ఉన్నది దీపానికి యాభై గొర్రెల దానం మాత్రమే. అయితే ఏం? యాభై గొర్రెలు ఇస్తే ఒక దీపం ఏడాది పొడుగునా ఎలా వెలిగేదో, గొర్రెల్ని ఎవరికి అప్పగించేవారో, నెయ్యి ఎంత కొలిచేవారో శాసనంలో ఎంత ఉంటే అంత వివరంగా రాయి. నాకైతే రాజుల బిరుదులకన్నా ఆ గొర్రెల మీదే ఆసక్తి.

గుప్తనిధుల సంగతి నువ్వు రాయలేదు, రాయాలి. వీరగల్లు కింద బంగారం ఉంటుందని రాత్రిళ్ళు తవ్వి పగలగొట్టేవాళ్ళున్నారు. పత్రికలో దారితో సహా వేస్తే నెల తిరక్కుండా అక్కడ గొయ్యి ఉంటుంది. నేను చెప్పిందానికి ఇది అడ్డం వస్తోందనిపిస్తుంది నీకు. నేనైతే ఇలా చేస్తాను: సంచికలో రాతి మీదున్నదంతా వేస్తాను, ఏ మండలమో చెబుతాను. ఊరి నుంచి ఎన్ని అడుగులో, ఏ పొలం గట్టు మీదో మండలి రిజిస్టరులో రాసిపెట్టి, ఒక ప్రతి పురావస్తు శాఖకి పంపిస్తాను. గుడిలో ఉన్నదైతే ఆ భయం తక్కువ. గుడిలో వేరే భయాలున్నాయి, ఎనామిల్ పెయింటు, ఇసుకతో కొట్టి స్తంభాలు శుభ్రం చేసే యంత్రం. ఇసుక దెబ్బకి అక్షరం అంచులు పోతాయి. మీ శివాలయంలో జీర్ణోద్ధరణ మాట వినబడుతోందని రాశావు. ఆ కమిటీ వాళ్ళ దగ్గరికి గొడవకి వెళ్ళొద్దు, ఆ ఎస్టాంపేజి కాగితం పట్టుకెళ్ళి చూపించండి. వాళ్ళ తాతల ఊరి పేరు తెల్లగా కనిపిస్తే పెయింటు డబ్బా పక్కన పెట్టినవాళ్ళని చూశాను.

కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని తెలిసినప్పుడు, గుడిని రాయి రాయి విప్పి అలంపురం తీసుకొచ్చి మళ్ళీ పేర్చారు. వీలైతే ఒకసారి వెళ్ళి చూడు. విప్పే ముందు ఏ రాయి ఎక్కడిదో రాసుకోకపోతే అక్కడ మనకి దొరికేది రాళ్ళ కుప్ప. నీ నోటుపుస్తకం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ గుడి గుర్తుకొస్తుంది.

సభ్యుల సన్మానాల పేజీ సంపాదకులే వేసుకుంటారు, వదిలెయ్యి.

ఇప్పుడు చెయ్యాల్సింది: ఈ ఆదివారం మళ్ళీ శివాలయానికి వెళ్ళు. టేపు పట్టుకెళ్ళు. రాయి ఎత్తు, వెడల్పు, మందం, ఏ దిక్కుకి ముఖం చేసి ఉంది, ఎన్ని పంక్తులు, ఏ పంక్తి దగ్గర పెచ్చు లేచింది, అన్నీ రాసుకో. నాలుగో వైపు గోడకి ఆనుకుని ఉందన్నావు, అద్దం పెట్టి చూడు, అటు కూడా రాత ఉండొచ్చు. ఆ రోజు బావి నుంచి నీళ్ళు మోసిన అతని పేరు నీ వ్యాసంలో లేదు, అడిగి రాసుకో, అతను ఒప్పుకుంటే సంచికలో వెయ్యి. తిరగరాసిన వ్యాసంతోపాటు ఎస్టాంపేజి రెండో ప్రతి కూడా పంపించు, తొమ్మిదో పంక్తిలో నువ్వు "మాడ" (పాతకాలపు నాణెం) అని చదివిన చోట నాకు అనుమానంగా ఉంది, పొద్దుటి వెలుతురులో ఒకసారి చూస్తాను. కాగితం మడత పెట్టకు, మడతలో అక్షరం పోతుంది. గొట్టంలా చుట్టి, పాత పంచె గుడ్డలో పెట్టి, బస్సులో వచ్చేవాళ్ళెవరి చేతికైనా ఇచ్చి పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు