కాలేజీ వయసులో హెచ్‌పీవీ టీకా వేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హెచ్‌పీవీ టీకా చిన్నపిల్లలకేనని, ఈ వయసులో వేయించుకున్నా ప్రయోజనం ఉండదని స్నేహితురాళ్లు అంటున్నారు. ముందుగా వైరస్ పరీక్ష చేయించుకోవాలా? ఈ టీకా వల్ల మున్ముందు పిల్లలు పుట్టరన్న మాట కూడా విని భయపడుతున్నాను.

జవాబు: 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించుకుంటే మేలు ఎక్కువన్నది నిజమే. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం ఇదే. ఈ వైరస్ ముఖ్యంగా లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. టీకా దాన్ని రాకుండా అడ్డుకోగలదు గానీ, అప్పటికే ఒంట్లో ఉన్నదాన్ని తొలగించలేదు. అందుకే ఆ అవకాశం రాకముందే వేయించమంటారు. అంతమాత్రాన 19 ఏళ్లకు ప్రయోజనం లేదనుకోవడం పొరపాటు. ఒక రకం వైరస్ ఇప్పటికే సోకి ఉన్నా, టీకాలోని మిగతా రకాల నుంచి రక్షణ దొరుకుతుంది కాబట్టి, ముందుగా ఏ పరీక్షా అవసరం లేదు. 26 ఏళ్ల వరకు వేయించుకోమని చాలామంది వైద్యులు సలహా ఇస్తారు. గర్భంతో ఉన్నవారు మాత్రం ప్రసవం అయ్యేదాకా ఆగాలి.

పిల్లలు పుట్టరన్న భయానికి ఆధారం లేదు. ఈ టీకా కోసం వైరస్ పైతొడుగులోని ప్రోటీన్‌ను మాత్రమే ఈస్ట్ వంటి కణాల్లో తయారుచేస్తారు. ఆ ప్రోటీన్ ముక్కలు వాటంతటవే కూడుకుని, చూడటానికి వైరస్‌లాగే ఉండే ఖాళీ గుల్లలవుతాయి. లోపల జన్యుపదార్థం లేనందున అవి రోగాన్ని కలిగించలేవు, మన రోగనిరోధక వ్యవస్థ మాత్రం వాటిని చూసి అసలు వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. నిజానికి టీకా వేయించుకోక, ఈ వైరస్ వల్ల గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు వస్తే, ఆ భాగాన్ని కొంత కోసి తీయాల్సి రావచ్చు. అలాంటి చికిత్స తర్వాత నెలలు నిండకుండానే కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుంది. సంతానం గురించి ఆలోచించేవారు భయపడవలసింది ఆ మార్పులకు, సూదికి కాదు.

డోసుల విషయానికొస్తే, 15 ఏళ్లు దాటాక మొదలుపెట్టేవారికి ఆరు నెలల్లో మూడు డోసులు ఇవ్వడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. 20 ఏళ్ల వరకు ఒకటి లేదా రెండు డోసులు సరిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. మీకు ఎన్ని అవసరమో వైద్యులే నిర్ణయించాలి. రోగనిరోధక శక్తి తగ్గించే జబ్బు గానీ, మందులు గానీ ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. సూదిని భుజం కింద కండరానికి వేస్తారు. అక్కడ ఒకటి రెండు రోజులు నొప్పి, కొద్దిగా వాపు ఉండవచ్చు. మీ వయసువారిలో కొందరికి వెంటనే కళ్లు తిరుగుతాయి, కనుక లేచి వెళ్లిపోకుండా 15 నిమిషాలు అక్కడే కూర్చోండి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ వైరస్‌లో 16, 18 నంబర్లతో పిలిచే రకాలే కారణం. టీకాలు ప్రధానంగా అడ్డుకునేది వీటినే. తొమ్మిది రకాల వైరస్‌పై పనిచేసే టీకా ఇంకొన్నింటినీ అడ్డుకుంటుంది, కానీ అన్నింటినీ కాదు. అందువల్ల తగిన వయసు వచ్చాక క్యాన్సర్‌ను ముందే పసిగట్టే స్క్రీనింగ్ పరీక్షలు మానవద్దు. అబ్బాయిలకూ ఇదే వైరస్ వల్ల గొంతు, మలద్వార క్యాన్సర్లు, పులిపిర్లు వస్తాయి కాబట్టి వారూ వేయించుకోవచ్చు.

కాలేజీ పరీక్షలు గానీ, సెలవులు గానీ అడ్డొచ్చి తర్వాతి డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి వేయించుకోనక్కరలేదు, మిగిలిన డోసు వేయించుకుంటే చాలు. టీకా పేరు, వేసిన తేదీ రాసిన కార్డును మాత్రం భద్రంగా దాచుకోండి.