నిమ్స్‌కి వెళ్తే రూము ఎక్కడ తీసుకోవాలి: ఆమదాలవలస తమ్ముడికి సమాధానం

తమ్ముడూ, అమ్మగారి మోకాళ్లు చూపించడానికి హైదరాబాద్ నిమ్స్‌కి వెళ్తున్నాం, స్టేషన్ దగ్గర లాడ్జి తీసుకోవాలా, అమీర్‌పేటలోనా అని అడిగావు. అమీర్‌పేట, పంజాగుట్ట వైపే తీసుకో. స్టేషన్‌కి వెళ్లేది రెండుసార్లే, ఆసుపత్రికి రోజూ వెళ్లాలి. సికింద్రాబాద్‌లో దిగితే సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగిపోవచ్చు. కొన్ని బళ్లు ఇప్పుడు చర్లపల్లిలోనే ఆగిపోతున్నాయి, టికెట్ మీద చూసుకో.

బుక్ చేసేముందు హోటల్‌కే ఫోన్ చెయ్యి. లిఫ్ట్ ఉందా అంటే అందరూ ఉందనే అంటారు. రోడ్డు మీంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లో అడుగు. చాలా చోట్ల రిసెప్షనే మొదటి అంతస్తులో ఉంటుంది, అక్కడిదాకా అమ్మగారు ఎక్కాల్సిందే. బాత్రూంలో వెస్టర్న్ కమోడ్ ఉందా, పట్టుకోడానికి ఏమైనా ఉందా, గీజరు తెల్లవారుజామున పనిచేస్తుందా అన్నవీ అడుగు. ఓపీకి పొద్దున్నే బయల్దేరాలి కదా.

చెకౌట్ 24 గంటలదా, మధ్యాహ్నం 12కా అన్నది తప్పకుండా తేల్చుకో. మన బళ్లు తెల్లారి చేరితే, 12 లెక్క ఉన్నచోట ఒక పూటకే రోజు అద్దె పోతుంది. 7,500 లోపు రూముకి జీఎస్టీ 5 శాతం, అది చెప్పిన రేటులో కలిసిందో లేదో కనుక్కో. వెళ్లేవాళ్లందరి ఆధార్ కార్డులూ ఒరిజినల్సే పట్టుకెళ్లు. రోడ్డు వైపు రూము వద్దను, హారన్లకి అమ్మగారికి నిద్రుండదు.