బాంబుల వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వియత్నాం యుద్ధం అప్పుడు అమెరికా లావోస్ మీద వేసి, పేలకుండా మిగిలిపోయిన బాంబుల గురించి నువ్వు రాసిన వ్యాసం చదివా. రాయడం వచ్చు నీకు, అందులో డౌట్ లేదు. కానీ మొదటి నాలుగు పేరాలూ కాలు పోయిన పిల్లాడు, వాళ్లమ్మ ఏడుపు, మళ్లీ ఏడుపు, చివర్లో ఎక్కడో మూలన "వాటిని తీయడానికి అమెరికా నిధులు ఇస్తోంది" అని ఒక్క లైను. నువ్వు రాస్తానన్నది ఆ లైను గురించే కదరా! పిల్లాడి బాధ తీసేయమనట్లేదు, కాకపోతే చదివినోడు కళ్లు తుడుచుకుని వెళ్లిపోతాడు గానీ యాభై ఏళ్ల కిందటి బాంబు ఇంకా ఆ పొలంలో ఎందుకుందో మాత్రం వాడికి తెలీదు.

ముందు ఆ డబ్బు ఏ దారిన పోతుందో పట్టుకో. అమెరికా కాంగ్రెస్ ఏ ఏడాదికాయేడు బడ్జెట్‌లో పాస్ చేస్తుంది, అది విదేశాంగ శాఖకి, అక్కణ్ణించి హాలో ట్రస్ట్, మ్యాగ్ లాంటి బాంబులు తీసే సంస్థలకి గ్రాంటుగా, చివరికి చాలావరకు ఆ దేశంలోనే ట్రైనింగ్ ఇచ్చి పెట్టుకున్న మనుషుల జీతాల్లోకి. అంటే డబ్బు ఏడాది లెక్కన వస్తుంది, బాంబుకేమో గడువు లేదు. నా మటుకు నాకు నీ వ్యాసం మొత్తం ఇక్కడే నిలబడాలి. 2025 జనవరిలో ట్రంప్ సర్కారు విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపేసింది చూడు, అప్పుడు మందుపాతర్లు తీసే పనులు కూడా ఆపమని ఆర్డర్ వెళ్లింది. లావోస్ పక్కనే ఉన్న కంబోడియాకి తర్వాత మినహాయింపు దొరికింది, ఈలోపు ఫిబ్రవరిలో అక్కడ ఆ పనికి చైనా 44 లక్షల డాలర్లు ఇచ్చింది. దీన్ని పట్టుకుని ఎవరు మంచోళ్లు ఎవరు చెడ్డోళ్లు అనే పంచాయితీ పెట్టకు, పని ఆగినన్నాళ్లు పొలం ఎవరిదో వాణ్ణి చూడు.

అంకెలు కుక్కేశావ్. 1964 నుంచి 73 దాకా 20 లక్షల టన్నులు, 5.8 లక్షల సార్లు విమానాలు... ఎవడికి గుర్తుంటాయి? మూడు ఉంచు చాలు. లావోస్ మీద పడిన క్లస్టర్ బాంబుల్లోంచి వచ్చిన బుల్లి బాంబులు దాదాపు 27 కోట్లు, అందులో పేలకుండా మిగిలినవి 8 కోట్ల దాకా అని అంచనా. 2016లో ఒబామా అక్కడికి వెళ్లినప్పుడు వాటిని తీయడానికి మూడేళ్లకి ప్రకటించింది 9 కోట్ల డాలర్లు. పక్కపక్కన పెట్టి నోరు మూసుకో, కామెంట్ రాయకు (అన్నీ తీయరనుకో, మనుషులు దున్నేచోట, నడిచేచోట ముందు తీస్తారు, ఆ ముక్క మాత్రం రాయి).

తీసే పని దగ్గర్నుంచి చూపించు. టెన్నిస్ బంతంత ఉంటుంది ఆ బుల్లి బాంబు. డిటెక్టర్ కూత పెడితే అది బాంబో, తుప్పు పట్టిన మేకో, పాత రేకు ముక్కో పైనుంచి తెలీదు, మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి మెల్లగా మట్టి తీస్తూ పోవాలి, మేకు దొరికినా సరే తర్వాతి కూతకి మళ్లీ అంతే జాగ్రత్త. గ్రాంటు డబ్బు ఎక్కువగా కరిగేది ఈ మేకుల దగ్గరే!

ఇంకోటి, ఎన్ని బాంబులు తీశారు అని ఒక్కటే అడక్కు. కొన్నిచోట్ల సర్వే చేస్తే అసలేం ఉండవు, ఆ భూమి భయం లేకుండా దున్నుకోవచ్చని చెప్పేస్తారు, డబ్బులిచ్చేవాళ్లకి అది ఫొటోకి పనికిరాదు గానీ రైతుకి అంతకన్నా ఏం కావాలి చెప్పు.

"వేసినోళ్లే తీయాలి" అని రాసేశావ్, లావోస్‌కి అది సూటిగా తగులుతుంది, నేనూ అదే అంటా. కానీ కంబోడియాలో మందుపాతర్లు పెట్టింది ఒక్క పక్షం కాదు, 1970ల్లో ఆ దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు దళం ఖ్మేర్ రూజ్ పెట్టింది, వాళ్లతో కొట్లాడిన వాళ్లూ పెట్టారు. మందుపాతర్లని నిషేధించిన 1997 ఒట్టావా ఒప్పందం కూడా పెట్టినోడే డబ్బు కట్టాలనదు, ఎవరి భూమిలో ఉంటే వాళ్లు తీయించుకోవాలి, ఇవ్వగలిగిన దేశాలు సాయం చేయాలి అంటుంది. అమెరికా ఆ ఒప్పందంలో చేరలేదు, అయినా 1993 నుంచి ప్రపంచమంతటా మందుపాతర్లు, పేలని బాంబులు, పాత ఆయుధాలు తొలగించే పనికి 500 కోట్ల డాలర్లకి పైగా పెట్టింది. ఈ రెండూ నిజాలే, ఒకదాని కోసం ఇంకోదాన్ని దాచకు.

టైటిల్లో "కన్నీళ్లు" తీసెయ్. పిల్లాణ్ణి మూడో పేరాకి జరిపి మళ్లీ పంపు, ఈసారి ఆ పొలంలో పని ఏ నెలలో ఆగిందో, ఏ నెలలో మొదలైందో కనుక్కుని రాయి.