ట్రైలర్‌లో చూపిన కథ సినిమాలో లేకపోతే టికెట్ డబ్బు వెనక్కి అడగవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇటీవల ఒక సినిమా ట్రైలర్ చూసి, అది మొదటి నుంచి చివరి వరకు కోర్టులో నడిచే కథ అనుకుని, కుటుంబమంతటికీ నాలుగు టికెట్లు ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. ట్రైలర్‌లో వాదనలు, సాక్షుల విచారణ తప్ప మరొకటి లేదు. తీరా సినిమాలో కోర్టు సన్నివేశాలు రెండే ఉన్నాయి, మిగిలినదంతా ప్రేమకథ. పోస్టర్ మీద నల్లకోటుతో కనిపించిన ప్రముఖ నటుడు తెర మీద ఉన్నది కొద్ది నిమిషాలే. ఇంటర్వెల్‌లో మేనేజరును డబ్బు వాపసు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పైగా టికెట్ మీద ఉన్న సమయం దాటాక దాదాపు అరగంట సేపు ప్రకటనలే వేశారు. నిర్మాత మీద, థియేటరు మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేయవచ్చా? పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చా? ‘ఇది పచ్చి మోసం, నిర్మాత దొంగ’ అని ఫేస్‌బుక్‌లో రాస్తే నా మీద కేసు పెట్టగలరా?

జవాబు: కథ ఆశించినట్టు లేనందుకు పరిహారం వస్తుందా అంటే, ప్రస్తుత చట్టం ప్రకారం రాదనే చెప్పాలి. అయితే మీరు వినియోగదారుడే కాదని ఎవరైనా అంటే ఆ మాట తప్పు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(42) ‘సేవ’ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో వినోదం కూడా ఉంది కనుక, డబ్బు చెల్లించి సినిమా చూసిన ప్రేక్షకుడు ఫిర్యాదు చేయడానికి అర్హుడే. అసలు చిక్కు ఆ సేవలో లోపం ఉన్నదని నిరూపించడంలో ఉంది.

మీ సందేహానికి అతి దగ్గరగా ఉన్న కేసు సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 2016లో షారుఖ్ ఖాన్ నటించిన ‘ఫ్యాన్’ సినిమా ప్రచార చిత్రాల్లో విరివిగా చూపిన ఒక పాట అసలు సినిమాలో లేదు. మహారాష్ట్రలోని ఔరంగాబాద్‌కు చెందిన ఒక ఉపాధ్యాయురాలు, ఆ పాట కోసమే పిల్లలను తీసుకువెళ్లి మోసపోయామని, నిర్మాణ సంస్థ యశ్ రాజ్ ఫిల్మ్స్ మీద ఫిర్యాదు చేశారు. జిల్లా ఫోరం (ఇప్పుడు దానినే జిల్లా కమిషన్ అంటున్నారు) దానిని కొట్టివేసింది. రాష్ట్ర కమిషన్ మాత్రం ఆమెకు 10,000 రూపాయల పరిహారం, 5,000 రూపాయల ఖర్చులు ఇప్పించింది. 2020లో జాతీయ కమిషన్ కూడా ఆ ఉత్తర్వును సమర్థించింది. చివరకు 2024 ఏప్రిల్ 22న జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ అరవింద్ కుమార్‌లతో కూడిన ధర్మాసనం ఆ ఉత్తర్వులను రద్దు చేసింది.

ఆ తీర్పులోని తర్కాన్ని మీరు కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే మీరు కేసు వేస్తే ఎదుటి పక్షం న్యాయవాది మొదట చూపేది దానినే. ట్రైలర్ అనేది నిర్మాత ఏకపక్షంగా చేసుకునే ప్రచారం మాత్రమేననీ, ఒప్పంద చట్టం దృష్టిలో అది ‘ప్రతిపాదన’ కాదనీ, కాబట్టి ప్రేక్షకుడు దానిని చూసి టికెట్ కొన్నంత మాత్రాన ట్రైలర్‌లోని ప్రతి పాటా, ప్రతి దృశ్యమూ ఒప్పందంలో భాగమైపోవనీ కోర్టు చెప్పింది. టికెట్ కొన్నప్పుడు ఒప్పందం కుదిరేది సినిమా చూపడానికి. ట్రైలర్‌లోని పాట వినిపిస్తామన్న హామీ అందులో లేదు. ట్రైలర్‌లో ఒక పాటనో, మాటనో వాడుకోవడం సినిమా గురించి జనం మాట్లాడుకునేలా చేయడానికి కావచ్చు తప్ప, సినిమాలో ఏమేమి ఉన్నాయో తెలపడానికే అయి ఉండనక్కరలేదు. కళకు సంబంధించిన సేవల్లో సృష్టికర్తకు స్వేచ్ఛ, విచక్షణ తప్పనిసరిగా ఉంటాయని కూడా ధర్మాసనం గుర్తు చేసింది. గృహప్రవేశానికి ముందే గోడ బీటలిస్తే ఇంజనీరును పిలిచి పగులు కొలిపించవచ్చు గాని, సెకండాఫ్ సాగిందని చెప్పడానికి అలాంటి కొలబద్ద ఏ కమిషన్ వద్దా లేదు.

అంటే ట్రైలర్‌లో ఏం చూపినా చెల్లుతుందా? తీర్పును నేను చదివినంతలో అలా లేదు. ఆ ప్రచారంలో అబద్ధపు ప్రకటన ఏదీ లేదనీ, తప్పుదోవ పట్టించే ఉద్దేశం లేదనీ, అనుచిత వ్యాపార పద్ధతిని రుజువు చేసే బాధ్యత ఫిర్యాదిదేననీ, అందుకు తగిన సాక్ష్యం రికార్డులో లేదనీ మాత్రమే కోర్టు అన్నది. నిజమో అబద్ధమో తేల్చగల ఒక విషయాన్ని, ఉదాహరణకు డబ్బింగ్ సినిమాను నేరుగా తెలుగులో తీసినదని గాని, రెండు డైమెన్షన్ల ప్రదర్శనను త్రీడీ అని గాని ప్రకటించి టికెట్లు అమ్మితే, అది వేరే మాట. సెక్షన్ 2(28) నిర్వచించిన ‘తప్పుదోవ పట్టించే ప్రకటన’ పరిధిలోకి అటువంటివి వస్తాయన్నది నా అభిప్రాయం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ సెక్షన్ 21 కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు కూడా, కాకపోతే ఆ సొమ్ము ప్రేక్షకుడి చేతికి రాదు.

అమెరికాలోనూ ఈ ప్రశ్న వచ్చింది. 2019 నాటి ‘యెస్టర్‌డే’ సినిమా ట్రైలర్‌లో కనిపించిన నటి ఆనా డి ఆర్మస్ పాత్రను విడుదలకు ముందే తొలగించారు. ఆమెను చూడాలని 3.99 డాలర్లకు ఆ సినిమాను అద్దెకు తీసుకున్న ఇద్దరు ప్రేక్షకులు 2022లో దావా వేయగా, ట్రైలర్ కూడా ఒక వాణిజ్య ప్రకటనేనని న్యాయమూర్తి మొదట అంగీకరించారు. అయితే ఫలానా నటి గాని దృశ్యం గాని సినిమాలో ఉన్నదా లేదా అన్న అంశానికే దావా పరిమితమనీ, ప్రేక్షకుడి నిరాశకు అది వర్తించదనీ గిరి గీశారు. ఆ దావా కూడా 2023లో కొట్టివేతకు గురైంది. విదేశీ తీర్పు మన కమిషన్లను కట్టడి చేయదు, కానీ ఆ గిరి ఎక్కడ గీశారో చూస్తే మీ కేసు దానికి ఎటువైపు ఉన్నదో తెలుస్తుంది. మీరు చెప్పిన నటుడు సినిమాలో ఉన్నాడు, కొద్దిసేపే అయినా ఉన్నాడు. కోర్టు సన్నివేశాలూ ఉన్నాయి. ఉన్నవాటిలో ఆకర్షణీయమైనవి ఏరి చూపి, మిగిలిన ప్రేమకథను దాచారు. వ్యాపారపరంగా అది గడుసుతనమే, ప్రేక్షకుడిగా నాకూ కోపం తెప్పించే గడుసుతనమే. అబద్ధమని మాత్రం రుజువు చేయలేరు.

ఇక థియేటరు సంగతి. కథ బాగుండనందుకు ప్రదర్శకుడికి బాధ్యత లేదు కనుక మేనేజరు డబ్బు ఇవ్వకపోవడం చట్టప్రకారం తప్పు కాదు (నవ్వడం మర్యాద కాదన్నది వేరే సంగతి). అయితే మీరు ‘పైగా’ అంటూ చివర చేర్చిన ప్రకటనల విషయమే మీ లేఖలో కాస్తో కూస్తో బలమున్న అంశం. టికెట్ మీద ముద్రించిన సమయం, ఏ సందేహానికీ తావులేకుండా, సేవ ఇచ్చే పక్షం స్వయంగా చెప్పిన విషయం. బెంగళూరులో ఒక ప్రేక్షకుడు ఇదే కారణంతో పీవీఆర్ ఐనాక్స్ మీద ఫిర్యాదు చేయగా, సుమారు 25 నిమిషాల పాటు ప్రకటనలు వేసి అతని సమయాన్ని వృథా చేశారంటూ 2025 ఫిబ్రవరిలో అక్కడి జిల్లా కమిషన్ పరిహారం ఇప్పించడమే కాక, వినియోగదారుల సంక్షేమ నిధికి లక్ష రూపాయలు జమ చేయాలని ఆదేశించింది. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది కనుక దాని మీద పూర్తిగా ఆధారపడవద్దు. అయినా వాదనకు దారి మాత్రం మూసుకుపోలేదు.

ఫిర్యాదు చేయదలిస్తే ఖమ్మంలోని జిల్లా కమిషన్‌లోనే చేయవచ్చు, ఎందుకంటే సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట దాఖలు చేసే వీలుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే కోర్టు రుసుము లేదు. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు దాఖలు చేయాలి. బుకింగ్ సందేశాన్ని, టికెట్ ప్రతిని, సినిమా ఎప్పుడు మొదలైందో చూపే ఆధారం ఏదైనా ఉంటే దానిని భద్రపరచుకుని, ముందుగా థియేటరు యాజమాన్యానికి నోటీసు పంపండి. దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడడం మేలు. నాలుగు టికెట్ల కోసం వాయిదాల చుట్టూ తిరగడం గిట్టుబాటవుతుందా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

పోలీసుల దగ్గరకు వెళ్లవద్దు. భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 318 కింద వంచన నేరం నిలబడాలంటే మొదటి నుంచీ మోసం చేయాలన్న దురుద్దేశం ఉండాలి. పేలవమైన స్క్రిప్టు అందుకు సాక్ష్యం కాదు.

మీ ఫేస్‌బుక్ రాత గురించి మాత్రం నిదానంగా ఆలోచించండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టానికి సంబంధించిన సెక్షన్ 356, పాత శిక్షాస్మృతిలోని సెక్షన్ 499లో ఉన్న మినహాయింపులను కొనసాగించింది. వాటిలో ఒకదాని ప్రకారం, ప్రజల తీర్పు కోసం ముందుకు తెచ్చిన కృతి బాగోగుల గురించి గాని, ఆ కృతిలో ప్రతిఫలించినంత మేరకు దాని కర్త స్వభావం గురించి గాని సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయం నేరం కాదు. చట్టమే ఇచ్చిన ఉదాహరణను చూడండి: ఒకరి పుస్తకం తెలివితక్కువగా ఉంది కనుక అతడు బలహీనుడై ఉంటాడని అంటే మినహాయింపు వర్తిస్తుంది, అతడు బలహీనుడు, విషయలంపటుడు కనుక పుస్తకం అలా ఉండడంలో ఆశ్చర్యం లేదంటే వర్తించదు, ఎందుకంటే ఆ రెండో మాటకు పుస్తకం ఆధారం కాదు. ఆ లెక్కన, ట్రైలర్‌లో కోర్టు కథ చూపి సినిమాలో ప్రేమకథ పెట్టారనీ, రెండు సన్నివేశాల కోసం రెండున్నర గంటలు కూర్చోబెట్టారనీ, టికెట్ డబ్బు దండగ అయిందనీ మీరు ఎంత ఘాటుగా రాసినా ఇబ్బంది లేదు. ‘నిర్మాత దొంగ’ అన్న రెండు ముక్కలను తీసివేసి మిగిలినదంతా పెట్టండి.