‘ది మాల్టీస్ ఫాల్కన్’లోని బంగారు డేగ నిజంగా ఉండేదా?

లేదు. అమెరికన్ రచయిత డాషియల్ హామెట్ రాసిన ఈ 1930 నవలలో అందరూ వెతికే ఆ రత్నాల డేగ బొమ్మ కల్పితమే. కానీ దాని వెనక చిన్న నిజముంది. 1530లో ఐదో చార్లెస్ చక్రవర్తి మాల్టా దీవిని సెయింట్ జాన్ యోధులు అనే క్రైస్తవ సైనిక సంఘానికి ఇచ్చి, ఏటా ఒక డేగను కప్పంగా పంపమన్నాడు. అది ప్రాణమున్న పక్షి. హామెట్ దాన్ని బంగారు బొమ్మగా మార్చి, విలువ తెలియకుండా పైన నల్లపూత పూయించి, శాన్‌ఫ్రాన్సిస్కో దాకా తెచ్చాడు.

నవల చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. పదిహేడేళ్లుగా ఆ బొమ్మ వెంటపడ్డ విలన్ గట్‌మన్ చివరికి కత్తితో గీకి చూస్తే లోపల సీసం! అసలు బొమ్మ దొరకనే దొరకదు. తమాషా ఏంటంటే, ఈ నవల ఆధారంగా వచ్చిన 1941 సినిమాలో వాడిన సీసపు బొమ్మకే 2013 వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా పలికింది.