మౌంట్ రోడ్డు మీద పద్నాలుగంతస్తులు

మీరడిగారు – నేను చెప్తున్నాను

ప్రశ్న: మా తాతయ్య బతికున్నన్నాళ్ళూ "మద్రాసులో ఎల్‌ఐసి మేడ చూశాను, పద్నాలుగంతస్తులు" అని ఊళ్ళో అందరికీ చెప్పుకునేవాడు. మొన్న పనిమీద చెన్నై వెళ్ళినప్పుడు ఆయన్ని తలుచుకుని వెళ్ళి చూశాను. మా హైదరాబాదులో మామూలు అపార్ట్‌మెంట్లే అంతకు రెట్టింపు ఎత్తున్నాయి. అందులో ఏముందని మా తాతయ్య అంత మురిసిపోయాడు? అసలు దాన్ని కట్టింది ఎల్‌ఐసి వాళ్ళేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీ తాతగారు మురిసిపోయారంటే నేను నమ్ముతాను. నేనూ మురిసిపోయినవాణ్ణే. 1961 ఎండాకాలం సెలవుల్లో మా నాన్న నన్ను నెల్లూరు నుంచి రైల్లో తీసుకెళ్ళి సెంట్రల్లో దింపి, అక్కడి నుంచి బస్సులో మౌంట్ రోడ్డుకు (ఇప్పటి అన్నా సాలై) తీసుకెళ్ళాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. రోడ్డుకు ఇవతల నిలబెట్టి "లెక్కపెట్టరా" అన్నాడు. నేను వేలు చాపి కింది నుంచి మొదలుపెడితే ఎనిమిదో తొమ్మిదో వచ్చేసరికి కళ్ళు చెదిరి వరస తప్పేది. మళ్ళీ మొదటికి. మెడ నొప్పెట్టింది కానీ కదలబుద్ధి కాలేదు. నెల్లూరులో అప్పటికి నేను చూసిన పెద్ద మేడ మూడంతస్తులది.

అంతస్తుల లెక్క ఇప్పటికీ తెగలేదు. పుస్తకాల్లో 12 అనీ ఉంటుంది, 14 అనీ ఉంటుంది, 15 అనీ ఉంటుంది. నేల అంతస్తును కలుపుకుంటామా, పైనున్న గదుల్ని కలుపుకుంటామా అన్నదాన్నిబట్టి లెక్క మారుతుంది. జనం నోట మాత్రం పద్నాలుగే నిలిచింది. తమిళులూ అదే మాట అంటారు. తగాదా లేనిది ఎత్తు విషయం: 177 అడుగులు, అంటే 54 మీటర్లు. దేశంలో అంతకంటే ఎత్తైన కట్టడం అప్పటిదాకా లేదని కొందరు రాస్తుంటారు, అది తప్పు. తంజావూరు పెద్దగుడి విమానం వెయ్యేళ్ళ నాడే 200 అడుగులు దాటింది, ఢిల్లీలో కుతుబ్ మినార్ ఇంకా ఎత్తు. మనుషులు రోజూ లిఫ్టెక్కి వెళ్ళి కుర్చీల్లో కూర్చుని పనిచేసుకునే భవనాల్లో మాత్రం 1959లో ఇదే ఎత్తైనది. రెండేళ్ళకు బొంబాయి దాన్ని దాటింది. మద్రాసులో మాత్రం దశాబ్దాల పాటు దీన్ని మించింది రాలేదు.

ఇక కట్టిందెవరన్న మీ రెండో ప్రశ్న. దీనికి కొంచెం ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఎల్‌ఐసి ఇంకా పుట్టకముందే ఈ మేడ పని మొదలైంది. మద్రాసులో 1906లో యునైటెడ్ ఇండియా అనే జీవితబీమా కంపెనీ పెట్టారు. ఆ తర్వాత దాన్ని నడిపినాయన ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్. 1937లో ఇండియన్ ఓవర్‌సీస్ బ్యాంకును కారైకుడి, మద్రాసు, రంగూన్లలో ఒకే రోజున తెరిచింది కూడా ఆయనే. (చెపాక్ క్రికెట్ స్టేడియానికున్న పేరు ఎం.ఏ. చిదంబరానిది. ఇద్దరూ వేరు, చాలామంది కలిపేస్తుంటారు.) తన సంస్థలన్నిటికీ ముఖ్య కార్యాలయంగా మౌంట్ రోడ్డులో ఒక మేడ ఉండాలని ఆయన సంకల్పం. బ్రౌన్, మౌలిన్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టుల చేత ప్లాను గీయించాడు. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సెక్రటేరియట్ అప్పటికి కొత్తగా లేచింది, నిలబెట్టిన పలకలాగా. మద్రాసుకూ అలాంటిది కావాలన్నది ఆలోచన.

1953లో పని మొదలైంది. ఆ సంవత్సరం తలుచుకుంటే మా నాన్న తరం వాళ్ళకు గుండె కలుక్కుమనేది. మద్రాసు మనకు దక్కకుండా అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది అప్పుడే. మనం మూటాముల్లె సర్దుకుంటున్న ఏడాదే అక్కడ పునాదులు తవ్వుతున్నారు.

మరుసటి ఏడాది 1954 మార్చి 13న సింగపూర్ కల్లాంగ్ విమానాశ్రయంలో దిగబోతున్న విమానం కూలిపోయింది. చనిపోయిన 33 మందిలో చిదంబరం చెట్టియార్ ఒకరు. వయసు 45. మేడ ఇంకా నేలమీదే ఉంది. ఆయన పోయినా కుటుంబం పని ఆపలేదు. ఇంతలో 1956 జనవరి 19న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి జీవితబీమాను జాతీయం చేసింది. 245 సంస్థలు కలిసిపోయి సెప్టెంబరు 1న ఎల్‌ఐసి అయింది. సగం కట్టిన మేడ కూడా యునైటెడ్ ఇండియాతో పాటే ఎల్‌ఐసి చేతికి వచ్చింది. 1957లో బ్రౌన్, మౌలిన్ తప్పుకున్నారు. మద్రాసులో పేరున్న ఆర్కిటెక్టు ఎల్.ఎం. చితలే మిగతా పని పూర్తి చేయించారు. ఖర్చు 87 లక్షలు. మొదలుపెట్టిన మనిషి లేడు, కంపెనీ లేదు, గీసినవాళ్ళు లేరు, అయినా మేడ మాత్రం లేచింది. నాకు అందులో అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఇదే.

1959 ఆగస్టు 23న ప్రారంభించింది ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి. అంతకు ఏడాదిన్నర ముందయితే ఆ పదవిలో ఉన్నది మద్రాసు వాడైన టి.టి. కృష్ణమాచారి. హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లను ఎల్‌ఐసి కోటీ పాతిక లక్షలు పెట్టి కొన్న వ్యవహారం పార్లమెంటుకెక్కి, 1958 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. లేకపోతే తన ఊళ్ళో ఆ తలుపులు ఆయనే తెరిచేవారేమో.

నేను నలభై ఏళ్ళు డ్రాఫ్టింగ్ బల్ల ముందు గడిపినవాణ్ణి, కాబట్టి కట్టుబడి సంగతి చెప్పకుండా ఉండలేను. అంతకుముందు మద్రాసులో పెద్ద భవనాలంటే ఇటుక, సున్నం. గోడే బరువు మోయాలి. పైన ఒక్కో అంతస్తు వేసేకొద్దీ కింద గోడ లావెక్కాలి. అలా పద్నాలుగంతస్తులు లేపితే కింద గోడలే తప్ప గదులు మిగలవు. ఇక్కడ బరువంతా కాంక్రీటు పిల్లర్లకు, బీములకు అప్పగించారు. గోడ అన్నది ఎండా వానా లోపలికి రాకుండా ఆపే తెర మాత్రమే. ఇవాళ మీ అపార్ట్‌మెంటులో తొమ్మిదంగుళాల గోడకు, కొన్నిచోట్ల నాలుగున్నర అంగుళాల గోడకు ఎవరూ భయపడటం లేదంటే ఈ పద్ధతి వల్లే. మన దక్షిణాదిలో అంత ఎత్తున దాన్ని నమ్మి చేసి చూపించింది ఈ మేడే.

ఇంకొక్క మాట. మా నాన్న బీమా ఏజెంటు. మొదట పట్టాభి సీతారామయ్యగారు 1925లో బందరులో పెట్టిన ఆంధ్రా ఇన్సూరెన్సుకు, 1956 తర్వాత ఎల్‌ఐసికి. కలిసిపోయిన 245లో మన బందరు కంపెనీ జీవితబీమా కూడా ఉంది. ఆ రోజు మౌంట్ రోడ్డులో మా నాన్న చంకలో నలిగిపోయిన రేట్ల పుస్తకం ఉంది. అట్ట ఊడిపోతే గోధుమరంగు కాగితం అంటించుకున్నాడు. వయసు ఒకవైపు, గడువు ఒకవైపు, మధ్యలో వెయ్యి రూపాయలకు ఎంత కట్టాలన్న అంకెలు. కోవూరు, బుచ్చి పల్లెల్లో సైకిలు మీద తిరిగి ఆ పుస్తకం చూపించి, రైతుల చేత మూడు నెలలకు ఏడో ఎనిమిదో రూపాయలు కట్టించేవాడు. "ఆ డబ్బులన్నీ ఇక్కడికే వస్తాయిరా" అన్నాడు, మేడవైపు చూస్తూ. నిజమే, దక్షిణ మండల కార్యాలయం అక్కడే. తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్ళి లిఫ్టు ఎక్కించాడు. పైకి లేస్తుంటే నా కడుపులో జారినట్టయి నాన్న పంచె పట్టుకున్నాను. పైనుంచి చూస్తే ఒక పక్క సముద్రం నీలం గీతలాగా కనిపించింది. మీ తాతగారు కూడా అది చూసే ఉంటారు.

ప్రశ్న: ఆ మేడ ఒకసారి తగలబడిందని విన్నాను. కాలినదాన్ని పడగొట్టి మళ్ళీ కట్టారా, పాతదే నిలబడిందా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: పాతదే నిలబడింది బాబూ. 1975 జులై 11న తగలబడింది. ఎమర్జెన్సీ పెట్టి అప్పటికి పదహారు రోజులు. మాకు మర్నాడు పేపర్లో తెలిసింది. పొద్దున పది కాకముందే మా ఇంటి అరుగు మీద ఏడెనిమిదిమంది కూర్చున్నారు, అందరూ నాన్న దగ్గర పాలసీ తీసుకున్నవాళ్ళు. కోవూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన బాండు కాగితాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్నాడు. "అయ్యా, అక్కడ కాలిపోతే ఇక మా డబ్బు పోయినట్టేనా?" అని అడిగాడు. నాన్న ఆ బాండు విప్పి ఆయన చేతిలోనే పెట్టి, "నీ దగ్గర ఇదుంది. నీ లెక్క మన ఆఫీసులో ఉంది. కాలింది మేడ. మాట కాలలేదు" అన్నాడు. ఆయన నమ్మాడు. కానీ కాఫీ తాగుతున్నంతసేపూ ఆ కాగితాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

మేడ ఎందుకు కూలలేదంటే, ఉక్కు ఐదారు వందల డిగ్రీల వేడికి సగం బలం కోల్పోతుంది. విడిగా ఉన్న ఉక్కు దూలమైతే వంగిపోతుంది. కాంక్రీటులో కమ్మీలు లోపల ఉంటాయి, చుట్టూ ఉన్న కాంక్రీటు వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు. శ్లాబు పోసేముందు కమ్మీల కింద చిన్న సిమెంటు బిళ్ళలు పెడతారు, చూశావా? కమ్మీ పలకకు అంటుకోకుండా, కింద తగినంత కాంక్రీటు చేరడానికి. ఆ బిళ్ళలు పెట్టకుండా, పోసేటప్పుడు కమ్మీని చేత్తో ఎత్తితే సరిపోతుందనే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. నువ్వు సైటులో నిలబడే రోజు వస్తే వాళ్ళను పోయనివ్వకు. తుప్పు పట్టకుండానూ, నిప్పు నుంచీ కమ్మీని కాపాడేది ఆ ముప్పావంగుళమో, అంగుళమో కాంక్రీటే.

మరమ్మతులు చేసి మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. 2023 ఏప్రిల్లో పైకప్పు మీదున్న పేరుబోర్డుకు నిప్పంటుకుంది. దాన్ని తొందరగానే ఆర్పేశారు.

ప్రశ్న: అదే రోడ్డులో పాడుబడిన ఎర్రటి పాత భవనం ఒకటి ఉంది. దానికీ ఎల్‌ఐసికీ సంబంధం ఉందంటారు. ఏమిటది?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉంది, చాలా దగ్గరి సంబంధం. దాని పేరు భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగ్. అంతకుముందు కార్డిల్ బిల్డింగ్. 1897లో డబ్ల్యు.ఇ. స్మిత్ అనే మందుల వ్యాపారి కట్టించాడు, గీసింది జె.హెచ్. స్టీఫెన్స్. ఆ రోజుల్లో మౌంట్ రోడ్డంతా దొరల షాపులే. పుస్తకాలకు హిగిన్‌బాథమ్స్, గడియారాలకు పి. ఓర్ అండ్ సన్స్, సమస్త సామాగ్రికీ స్పెన్సర్. మందులకు స్మిత్. గుమ్మటాలు, మొనదేలిన మినార్లు, ఆర్చీలు పెట్టి మందుల షాపును రాజమహల్లాగా కట్టించాడాయన. 1934లో లాహోరుకు చెందిన భారత్ ఇన్సూరెన్స్ దాన్ని కొనుక్కుంది. షాపుల వీధిలోకి బీమా కంపెనీలు వచ్చింది అలాగే.

అసలు ముడి ఇక్కడుంది. భారత్ ఇన్సూరెన్స్ తర్వాత రామకృష్ణ దాల్మియా అనే పెద్ద వ్యాపారి చేతికి వెళ్ళింది. పాలసీదారుల సొమ్మును ఆయన సొంత వ్యాపారాలకు మళ్ళించాడని 1955 డిసెంబరులో కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేచి లెక్కలతో సహా చెప్పారు. దాల్మియాకు జైలుశిక్ష పడింది. ఆ ప్రసంగం అయిన నెలన్నరలోపే జాతీయకరణ ఆర్డినెన్సు వచ్చింది. అంటే ఈ ఎర్ర భవనం యజమాని చేసిన పని వల్ల అదే రోడ్డులో లేస్తున్న చెట్టియార్ మేడ కూడా చేతులు మారింది. రెండూ ఒకే ఏడాది ఎల్‌ఐసికి చెందాయి.

2006లో ఎల్‌ఐసి ఈ పాతదాన్ని పడగొట్టడం మొదలుపెట్టింది. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ మద్రాసు హైకోర్టుకు వెళ్ళి ఆపించింది. 2010లో కోర్టు కూల్చకూడదని తీర్పు చెప్పింది. నా మనసులో మాట చెప్పమంటే, ఆ తీర్పు వచ్చిన రోజు నేను పొంగిపోయాను. 87 లక్షల మేడను కాలిపోయినా బాగుచేసుకోగలిగినప్పుడు దీన్నీ బాగుచేసుకోవచ్చు.

చూడాలనుకుంటే ఇప్పుడు తేలిక. 2019 ఫిబ్రవరిలో తెరిచిన భూగర్భ మెట్రోలో గవర్నమెంట్ ఎస్టేట్‌కూ థౌజండ్ లైట్స్‌కూ మధ్య స్టేషను పేరే ఎల్‌ఐసి. సెంట్రల్లో దిగి నీలం రంగు లైను ఎక్కండి. పైకి వచ్చాక మేడ ఉన్న వైపే నిలబడితే సరిగ్గా కనపడదు. రోడ్డు దాటి అవతలికి వెళ్ళండి. కింది నుంచి కాకుండా పైనుంచి లెక్కపెట్టుకుంటూ రండి. మా నాన్న ఆ రోజు మూడోసారి నాకు అలాగే నేర్పాడు, వరస తప్పలేదు.