స్కాలర్‌షిప్‌కి రాస్తున్న మేనకోడలికి

తిరుపతి

చిరంజీవి కోడలికి,

అత్త ఆశీస్సులు. చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. చెప్పిందానికన్నా అడిగిందే ఎక్కువ. ఎమ్మెల్యేతో ఒక లెటర్ రాయిస్తే పని జరుగుతుందా అంటాడు. జరగదు. ఆ మాట వాడికి నేను చెప్తాలే, నువ్వు గొడవపడకు.

ముందు ఒక విషయం ఇంట్లో తేల్చుకోండి. 1983 నుంచి బ్రిటన్ ప్రభుత్వం ఇస్తున్న స్కాలర్‌షిప్ ఇది. ఏడాది మాస్టర్స్‌కి ఫీజు, నెలనెలా ఖర్చులకి డబ్బు, రానూపోనూ విమానం టికెట్ వాళ్ళే భరిస్తారు. 2,800 గంటల ఉద్యోగానుభవం అడుగుతారు. అంటే సుమారు రెండేళ్ళు, నీకు మూడేళ్ళుంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ చదువయ్యాక వెనక్కి వచ్చి కనీసం రెండేళ్ళు ఇక్కడే ఉండాలి. మెల్లగా అక్కడే ఏదో ఉద్యోగం చూసుకుంటుందిలే అని మీ అమ్మ మనసులో ఉంటే, లోన్ తీసుకుని మామూలుగా వెళ్ళడమే మర్యాద.

ఇక నువ్వు పంపిన వ్యాసం సంగతి. ‘చిన్నప్పటి నుంచి రైతుల కష్టాలు చూసి చలించిపోయాను’ అని మొదలుపెట్టావు. చిత్తూరు జిల్లాలో పుట్టిన ఎవరైనా ఆ వాక్యం రాయగలరు. వ్యాసాలు దిద్దడం, సిఫారసు లేఖలు రాయడం యూనివర్సిటీలో ఉన్నన్నాళ్ళూ నాకు తప్పలేదు. అలాంటి మొదటి వాక్యం చూడగానే రెండోది చదవబుద్ధి కాదు. నాయకత్వం గురించి రాయమంటే పిల్లలు నాయకత్వం అంటే ఏమిటో రాస్తారు. వాళ్ళు అడిగింది నువ్వేం చేశావని.

మొన్న పెళ్ళిలో పంక్తిలో కూర్చుని నాతో చెప్పావే, ఆ ట్రాక్టర్ల గొడవ, అది రాయి. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయింది. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు. పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు మాత్రం లోడు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఎండకి కాయ మెత్తబడుతుంటే డ్రైవర్లు కిందే పడుకున్నారు. మీ రైతు సంఘం తరఫున నువ్వు ఫోన్‌లో టోకెన్లిచ్చి, ఎవరి వంతు వస్తే వాళ్ళే కాయ కోసేలా చేశావు. నీ వ్యాసంలో దానికి దక్కింది ఒక్క లైను, అదీ ‘సప్లై చెయిన్ మెరుగుపరిచాను’ అని! ఎంతమంది రైతులు ఒప్పుకున్నారు? ఎవరు ఒప్పుకోలేదు? టోకెన్ లేకుండా ముందుకి దూరిన బండిని ఏం చేశావు? ఫ్యాక్టరీ మేనేజర్ మొదట కుదరదన్నాడన్నావు, తర్వాత ఎందుకు దిగొచ్చాడు? ఇవన్నీ ఉంటే ‘నాయకత్వం’ అన్న మాట ఒక్కసారి కూడా వాడక్కర్లేదు. పని చేయని సంగతి కూడా దాచకు. బంగారుపాళ్యం మార్కెట్ వైపు ఆ పద్ధతి ఎందుకు సాగలేదో రాస్తేనే, అక్కడికెళ్ళి చదవాల్సిన అవసరం నీకు ఏముందో వాళ్ళకి అర్థమవుతుంది.

నెట్‌వర్కింగ్ వ్యాసంలో పెద్దవాళ్ళ పేర్ల చిట్టా పెట్టకు. ఒకరి దగ్గర తెలుసుకున్నది ఇంకొకరికి ఎలా ఉపయోగపడేలా చేశావో చూపించు. భవిష్యత్తు గురించి రాసేటప్పుడు, తిరిగొచ్చిన మొదటి ఏడాది ఎక్కడ కూర్చుని ఏం చేస్తావో రాయి. పదేళ్ళ తర్వాత దేశానికి ఏం చేస్తావో కాసేపు పక్కన పెట్టు. చాట్‌జీపీటీతో రాయించావో, పక్కవాళ్ళందరి గొంతూ నీ గొంతూ ఒకటే అయిపోతుంది.

మూడు కోర్సులు ఎంచుకోవాలి కదా. యూనివర్సిటీ పేరు చూసి కాకుండా, లోపల ఏయే పేపర్లున్నాయో చదివి పెట్టు. వ్యవసాయం, ఆహారం విషయంలో రెడింగ్ యూనివర్సిటీకి మంచి పేరుంది, అక్కడ వెతుకు.

సిఫారసు చేసేది నీ పని కళ్ళారా చూసినవాళ్ళు కావాలి. మీ సంఘం సీఈవో ఒకరు, కాలేజీలో నీ ప్రాజెక్టు చూసిన సార్ ఒకరు చాలు. ఉత్త చేతులతో వెళ్ళి అడగకు. నువ్వు చేసిన పనులు ఒక పేజీ రాసి ఇవ్వు. సార్లకి నువ్వు గుర్తుంటావు, ఏ ఏడాది ఏం చేశావో గుర్తుండదు.

పాస్‌పోర్టు ఒకసారి తీసి చూడు. మన ఇళ్ళల్లో టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఇనీషియలే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో ఇంకోలా ఉంటుంది. ఆఖర్లో ఇదే టెన్షన్ పెడుతుంది. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించు.

2025లో అప్లికేషన్లు ఆగస్టులో మొదలై అక్టోబరులో ముగిశాయి. అంటే బ్రహ్మోత్సవాల రోజులు. ఆ వారం మా ఇల్లు సత్రంలా ఉంటుంది, లాప్‌టాప్ పట్టుకుని ఇక్కడికి రాకు. మొక్కు సంగతా, సబ్మిట్ చేసి తీరిగ్గా అలిపిరి మెట్లెక్కు. చివరి రోజు సైటు మొండికేస్తే కొండెక్కినా లాభం లేదు.

ఇంకోటి. మీ ఊళ్ళో చదువుకునే పిల్లలకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి చెప్పు. ఏడాదికి 125 సీట్లు. ఎక్కువ భాగం ఎస్సీ పిల్లలకి, కొన్ని సంచార జాతులకి, భూమిలేని కూలీలకి, సంప్రదాయ చేతివృత్తులవాళ్ళకి. ఇంటి ఆదాయం 8 లక్షలు దాటకూడదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళ పిల్లలకి ఇది ఎవరూ చెప్పరు.

ఇంటర్వ్యూ సంగతి పిలుపొచ్చాక చూద్దాం. నువ్వు రాసిందాని మీదే అడుగుతారు కాబట్టి, చేయని పని ఒక్కటి కూడా రాయకు. నీ ఇంగ్లీషులో చిత్తూరు యాస వినిపిస్తుందని దిగులుపడకు, వాళ్ళకి అర్థమైతే చాలు.

వినాయక చవితిలోపు ట్రాక్టర్ల వ్యాసం తిరగరాసి పంపు. ఆ మూడో కోర్సు ఎందుకు పెట్టావో ఒకసారి ఫోన్ చేసి చెప్పు, నాకు ఎక్కలేదు.

మీ అత్త